జొన్నగింజంత తూటు

మా చిన్నాయన ఓబులేసు పోయాడని కబురొచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు. నాయన తర్వాత నాయనంతటి మనిషి, ఎనభై దాటినవాడు, నలుగురిలో మంచివాడనిపించుకుని పోయాడు. రెండు చుక్కలైనా రాల్చకపోతే జనం ఏమనుకుంటారోనని కొంగు కళ్ల మీదికి లాక్కుని కూర్చున్నాను. పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన కొడుకు నరసింహులు, ఇంత దూరం వచ్చినదానివి షాపు చూసి పోదువు రా అక్కా అని, నంద్యాలలో తన మోటారుసైకిళ్ల మరమ్మతు షాపుకి తీసుకుపోయాడు. అది మొదట మా నాయనది, ఆయన నుంచి చిన్నాయనకి, చిన్నాయన నుంచి వీడికి వచ్చింది. గుండు మీద తువ్వాలు చుట్టుకుని వాడు నాకొక స్టూలు వేసి, ఎవరో తొందరపెడుతుంటే ఒక బండి ముందర కూర్చున్నాడు. ఇంజను పక్కమూత విప్పి ఉంది. ప్లాస్టిక్ సంచిలోంచి, మూతకీ ఇంజనుకీ మధ్య వేసే కాయితం, అచ్చు గుద్దిన కొత్త గాస్కెట్టు తీశాడు. ఒక ట్యూబు మూత తిప్పి, పళ్లపొడి బదులు పేస్టు వాడే కాలం కదా, అట్లాగే నల్లటి పేస్టు ఒకటి ఆ కాయితానికి రెండు వైపులా దండిగా పూశాడు. పులిసిన గంజి వాసన వచ్చింది. కాయితం ఉంది గదా, మళ్లీ ఇదెందుకు అని అడిగాను. "రెండూ ఉంటే గట్టి గదక్కా" అన్నాడు.

ఆ మాట నేను విన్నదే. అరవై ఏండ్ల కిందట, ఆ గోడల మధ్యే, వాళ్ల నాయన నోట విన్నాను. ఆ మాట వల్ల పోయింది ఏమిటో అప్పటికి వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త, కర్నూలు రాజధాని. నంద్యాలలో మోటారుసైకిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉండేవి. చాలావరకు యుద్ధమయ్యాక మిలిట్రీ వాళ్లు అమ్మేసినవి. మా నాయనదీ మిలిట్రీ చదువే. సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, కరువుకి పారిపోయి పట్టాళంలో చేరి, అక్కడి వర్క్‌షాపులో ఇంజన్లు విప్పడం నేర్చుకుని వచ్చాడు. సామాను మద్రాసు నుంచి రావాలి. ఒక గాస్కెట్టు కావాలంటే నెల పట్టేది. మూత ఒకసారి విప్పితే ఇనుముకీ ఇనుముకీ మధ్యనుండే ఆ కాయితం చిరిగిపోతుంది, కొత్తది వెయ్యకపోతే నూనె కారుతుంది. అందుకని నాయన ఇంట్లోనే కోసేవాడు. ఆయన వేళ్లు లావు, కత్తెర రింగుల్లో పట్టేవి కావు. ఒకసారి ఆయన రెండు కాయితాలు పాడుచేసి మూడోదానికి కూర్చుంటే నేను లాక్కుని కోసి ఇచ్చాను. ఆ రోజు నుంచి అది నా పని అయింది. అప్పటికి నా ఎనిమిదో తరగతి అయిపోయింది, బడి కూడా అయిపోయింది. మా వీధిలో అంతకుమించి చదివిన ఆడపిల్ల లేదు.

సాయంత్రం నాయన మూతను గోనెపట్టాలో చుట్టుకుని సైకిలు మీద తెచ్చేవాడు. కిరసనాయిలుతో కడిగితే ఆ వాసనకి మిరపకాయలు ఆరేసుకున్న మా అమ్మ గొణిగేది. కాయితానికి బట్టల కొట్టు సెట్టి దగ్గరికి నేనే పోయేదాన్ని. చీరల మూటల్లో అడుగున ఒక మందపాటి గోధుమరంగు కాయితం వచ్చేది. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మడిస్తే పెళపెళమనకూడదు, మెత్తగా మూలగాలి. అటువంటిదాన్ని మూత మీద పరిచి, నూనె అంటిన బొటనవేలితో అంచుల వెంబడి రుద్దితే, మూత గీతలు నల్లగా కాయితం మీదికి వచ్చేవి. బయటి గీత కత్తెరతో, లోపలి గీత బ్లేడుతో. మరలు దూరే తొమ్మిది తూట్లు పాత గొడుగు కాడను సానబెట్టి చేసిన గొట్టంతో. పదో తూటు వేరు. అది జొన్నగింజంత. దానికి చెప్పులు కుట్టే ఆయన దగ్గర కొన్న చిన్న ఇనుప గొట్టం. చెక్క పలక మీద కాయితం పెట్టి రోకలిబండతో ఒక్క దెబ్బ కొడితే చిన్న బిళ్ల ఒకటి ఎగిరి పడేది. ఆ బిళ్లలన్నీ ఏరి ఒక అగ్గిపెట్టెలో దాచుకునేదాన్ని, ఎందుకో నాకే తెలియదు. చివరన, ఏది పై వైపో తెలియడానికి కాయితం అంచున చిన్న గాటు పెట్టేదాన్ని. అది నాయన చెప్పింది కాదు, నా సొంత తెలివి. ఆయన చూసి, బాగుంది అట్లనే పెట్టు అన్నాడు. మా నాయన నోట బాగుంది అన్న మాట రావడం అంటే ఎండాకాలం వాన పడ్డట్టే.

ఆ పదో తూటు కథ కూడా నాయన ఒకరోజు అన్నం తింటూ చెప్పాడు. ఇంజను అడుగునున్న పంపు నూనెను తోస్తే, అది ఈ తూటులోంచే మూతలోకి పోయి, అక్కడి నుంచి లోపల గిరగిరా తిరిగే ఇరుసుకు చేరుతుందట. మిగతా తొమ్మిది తప్పు కొడితే నూనె కారుతుంది, నవ్వుతారు. ఇది తప్పితే ఇరుసు ఎండిపోయి పట్టేస్తుంది, బండి ఉన్నపళంగా బిగుసుకుపోయి మనిషిని కింద పారేస్తుంది. ఆ తూటు పొడిచాక నేను కాయితాన్ని దీపానికి అడ్డంగా పట్టి చూసేదాన్ని. చిన్న వెలుగు చుక్క కనిపించేది.

కాయితం రాత్రంతా ఆముదంలో నాని, రోటి కింద అణిగాక, దానికి తోడు లక్క. వడ్రంగులు పాలిషుకు వాడే లక్కపెచ్చుల్ని స్పిరిటు సీసాలో నానబెడితే రెండు రోజులకు తేనెలాగ తయారయ్యేది. ఆ వాసన మా ఇంటి వాసన. మా జేజికి, అంటే నాయన వాళ్లమ్మకి, మాత్రం అది కిట్టేది కాదు. సారాయి కొంపలాగుంది ఇల్లు అని నాయన గుమ్మంలోకి రాగానే మొదలుపెట్టేది. నాయన ఆ లక్కను వేలి కొసతో, చలికాలం పెదవికి వెన్న రాసుకున్నంత పలచగా, మూత అంచుకు రాసేవాడు. పదో తూటు చుట్టూ రాయనే రాయడు. "కాయితం చేసే పని లక్కతో చేపియ్యగూడదు. అది గీతలు పూడ్చేదానికే" అని చిన్నాయనకు వందసార్లు చెప్పి ఉంటాడు. ఓబులేసు చిన్నాయన అప్పుడు ఇరవై ఏండ్లవాడు. నాయన దగ్గరే పని నేర్చుకుంటున్నాడు. మంచి మాటకారి, నన్ను భుజాల మీద మోసినవాడు. అన్న చేతి పనిని గౌరవించేవాడే గానీ, అన్న చాదస్తం మీద నమ్మకం లేదు. రెండూ ఉంటే గట్టి గదన్నా, ఇంకా రోంత పూస్తే పొయ్యేదేముంది అనేవాడు.

నా కాయితాల సంగతి మెల్లగా ఊళ్లో పాకింది. కోయిలకుంట్ల నుంచి ఒకాయన, ఆయిలింజన్లు బాగుచేసే ఇంకొకాయన వచ్చి, నీ బిడ్డతో మాకూ కోయించు అని అడిగిపోయారు. ఒక సాయంత్రం నాయన, "నీకు షాపులో ఒక బల్ల ఏపిస్తా పాపా. కిటికీ పక్కన. నీ పని నువ్వు చేసుకుందువు" అన్నాడు. అమ్మ పెండ్లి గురించి ఏదో అనబోతే ఆయన వినిపించుకోలేదు. వడ్రంగికి చెప్పి పలకలు కూడా కోయించాడు. అవి షాపు వెనక గోడకు ఆనించి ఉండటం నేను చూశాను. బడి పోయిందని లోపల్లోపల కుమిలిన నాకు ఆ బల్ల మీదే ఆశంతా. ఎవరి కూతురిగానో, ఎవరి కోడలిగానో కాకుండా నేను కూర్చునే చోటు ఒకటి ఉంటుందని అనుకున్నాను. దాన్ని తలుచుకుంటూ నిద్రపోయేదాన్ని.

ఆళ్లగడ్డలో తిమ్మారెడ్డి అని భూవసతి గలాయన. ఆయన బండికి నూనె కారే జబ్బు ఉండేది. పొద్దున్నే ఆయన భార్య వాకిట్లో వేసిన ముగ్గు మీద నల్ల చుక్కలు పడేవట. ఆమె రోజూ సాధిస్తోందని, ఈసారి ఒక్క చుక్క రాలితే బండి తెచ్చి నీ షాపులోనే పారేసిపోతా అని నాయనతో నవ్వుతూనే అన్నాడు. బండి వదిలిపోయాడు. నేను కాయితం కోశాను. మర్నాడు నాయన సామాను కోసం గుంతకల్లు పోవలసి వచ్చింది. ఆ మధ్యాహ్నమే తిమ్మారెడ్డి వచ్చి, అర్జంటుగా ఊరికి పోవాలి బిగించి ఇయ్యప్పా అని కూర్చున్నాడట. చిన్నాయన బిగించాడు. ఒక్క చుక్క కూడా రాలకూడదు గనక కాయితానికి రెండు వైపులా లక్క పోశాడు. నేను అప్పుడు అన్నం క్యారియరు తీసుకుని షాపు గుమ్మంలోనే ఉన్నాను. అంతెందుకు చిన్నాయనా అంటే, రెండూ ఉంటే గట్టి గదే అని నా జడ లాగి నవ్వాడు.

శిరివెళ్ల దాటాక బండి పట్టేసింది. తిమ్మారెడ్డి ఎగిరి కంకర మీద పడ్డాడు. కాలు విరిగింది. ఆయన్నీ బండినీ ఒకే ఎద్దులబండిలో ఆళ్లగడ్డ చేర్చారని మర్నాడు కబురొచ్చింది. నాయన ముఖం చూసి ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. చిన్నాయనను వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ బయలుదేరుతూ నన్ను కూడా రమ్మన్నాడు. కత్తెర, గొట్టాలు, రెండు కాయితాలు తెచ్చుకో, అక్కడికక్కడే కొత్తది కొయ్యాల అన్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో ఆ గుడ్డమూట పెట్టుకుని, ఒకాయన కాలు విరిగిన సంగతి కూడా మరిచిపోయి, నాయన నన్ను పనికి తీసుకుపోతున్నాడని పొంగిపోయాను. మంచి పావడా కట్టుకున్నాను. ఆ పావడా తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తిమ్మారెడ్డి ఇంటి పంచలో మంచం మీద పడుకుని ఉన్నాడు. కాలికి వెదురుబద్దలు పెట్టి కోడిగుడ్డు సొనతో కట్టు కట్టారు, నీచు వాసన వస్తోంది. చుట్టూ పదిమంది ఉన్నారు. నాయన వాకిట్లో గోనెపట్టా పరిచి మూత విప్పాడు. కాయితాన్ని ఊడదీసి లేచి నిలబడి, అటు తిరిగి, ఎండకు పట్టి చూశాడు. నాకు ఆయన వీపే కనిపించింది. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. తర్వాత దాన్ని మడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు. చిన్నాయన గోడవైపు చూస్తున్నాడు.

"ఏందప్పా, ఎవురి చేతి తప్పు?" అని తిమ్మారెడ్డి మంచం మీద నుంచి అడిగాడు.

"కాయితం తప్పు రెడ్డన్నా. నూనె తూటు పొడవలా."

"కాయితం ఎవురు కోసింది?"

నాయన తల ఎత్తలేదు. "మా పాప" అన్నాడు.

పదిమందీ నావైపు తిరిగారు. నేను పొడిచినా నాయనా, దీపానికి పెట్టి చూసినా అని అన్నాను. అన్నానో, అనబోయానో. "నోర్ముయ్" అన్నాడు. నా జన్మలో ఆయన నన్ను ఆ మాట అనడం అదొక్కసారే. తిమ్మారెడ్డికి కోపం రావలసింది, నవ్వొచ్చింది. ఆడపిల్లతో ఇంజను పని చేపిస్తాండావా, నీకు మతి ఉండాదా అని నాయననే మందలించాడు. తెలిసీ తెలియని పిల్లలే, పో అని నన్ను క్షమించేశాడు. ఆయన భార్య లోపలికి పిలిచి బెల్లం ముక్క చేతిలో పెట్టింది. ఇంక చిన్నాయన మీద ఎవరి చూపూ పడలేదు. ఆ సంవత్సరమే తిమ్మారెడ్డి తన ఆయిలింజన్లన్నిటికీ చిన్నాయననే మెకానిక్కుగా పెట్టుకున్నాడు. మంచివాడే పాపం తిమ్మారెడ్డి. బతికినన్నాళ్లూ కుంటుతూనే, కనబడితే, ఏమ్మా తూట్లు పొడుస్తాండావా అని పలకరించేవాడు.

తిరుగు బస్సులో ఆ కాయితం ఒక్కసారి చూపియ్యి నాయనా అని అడిగాను. "యాడో పడిపాయె" అన్నాడు. ఇంటికొచ్చాక అమ్మ, చూసి చేసుకోవద్దా అని ఒక్క మాట అని, గొట్టాలూ కత్తెరా తీసి అటక మీద పెట్టేసింది. వడ్రంగి కోసిన పలకలు కొన్నాళ్లు గోడకే ఆని ఉండి, తర్వాత సామాను పెట్టుకునే అరలయ్యాయి. నేను ఆ రాత్రే కాదు, చాలా రాత్రులు అగ్గిపెట్టెలో బిళ్లలన్నీ పలక మీద పోసుకుని వెతికాను. జొన్నగింజంత బిళ్లలు చాలా ఉన్నాయి. ఆ కాయితం బిళ్ల ఏదో ఎట్లా తెలుస్తుంది? అన్నీ ఒకటే. కొట్టినట్టు గుర్తుంది. దీపానికి పట్టినట్టు గుర్తుంది. కానీ అది ఆ రోజుదా, ముందు రోజుదా? చిన్నాయన లక్క పోయడం కళ్లారా చూసినదాన్నే. అయినా మా నాయన ఎండకు పట్టి చూసి చెప్పాడు గదా. ఆయన అబద్ధం చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఆయన మాట మీద నమ్మకం కొద్దీ నా చేతిని నేనే అనుమానించాను. ఇప్పుడు ఆలోచిస్తే నా ఒళ్లు మండేది దానికే.

పెండ్లయి అవుకు అనే ఊరికి వచ్చాను. కూరలో ఉప్పు వేశానో లేదోనని రెండుసార్లు రుచి చూస్తాను. తలుపు గడియ పెట్టి, పడుకుని, లేచి మళ్లీ చూస్తాను. పిల్లలకు మందు పోసి, పోశానా అని పిల్లలనే అడుగుతాను. మా ఆయన ఎగతాళి చేసేవాడు, నీ తల నీ మెడ మీదే ఉందో లేదో తడిమి చూసుకో అని. ఆయనకు ఆళ్లగడ్డ సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. మనిషి కాలు విరగ్గొట్టిన చెయ్యి ఇది అని ఎట్లా చెప్పను? నాయన పోయే ముందు నెలరోజులు నా దగ్గరే ఉన్నాడు. ఒకరోజు గంజి తాగించి మూతి తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "నీది మంచి చెయ్యి పాపా" అన్నాడు. గంజి బాగుందేమో అనుకున్నాను. మంచి మాటేనని మురిసిపోయాను కూడా.

నరసింహులు మూత బిగించి లేచి చేతులు తుడుచుకున్నాడు. కొనుక్కొచ్చిన గాస్కెట్ల ప్లాస్టిక్ సంచులు తీగకు వేలాడుతున్నాయి. ఇప్పుడు కత్తెరతో పని లేదు, సెట్టి కాయితంతో పని లేదు, లక్క వాసన ఎట్లా ఉంటుందో ఈ షాపులో చెప్పగలిగినవాళ్లు లేరు. పాత అరలు మాత్రం అట్లాగే ఉన్నాయి. ఆ పలకలు నేను గుర్తుపట్టాను. వాటి పైన అహోబిలం నరసింహస్వామి పటం, పక్కన చిన్నాయన ఫొటోకి కొత్త దండ, దాని పక్కన ఇంకొక అద్దం పటం. అందులో దేవుడు లేడు, మనిషి లేడు. ముదురు గోధుమరంగుకు తిరిగిన పాత కాయితం ఒకటి ఉంది. చుట్టూ అంచుల మీద ఎర్రటి లక్క గడ్డలు కట్టి ఎండిపోయింది. నేను స్టూలు మీద నుంచి లేచి దగ్గరికి పోయాను. అంచున గాటు ఉంది. కింది వైపు.

అదేంది నరసింహా అని అడిగాను.

"అదా? పని నేర్చుకునేదానికి వచ్చినోళ్లందరికీ నాయన ఫస్టు అదే చూపిచ్చేవాడక్కా" అన్నాడు. కాయితం ఎంత సక్కంగా కోసినా సరే, లక్క ఎక్కువైతే నూనె తూటు ఎట్ల మూసుకుపోతాదో చూడండి అని చెప్పేవాడట. అప్పట్లో ఎవరికో కాలు విరిగిందట కూడా. పెద్దనాయనే, అంటే మా నాయనే, ఈ తప్పు నీకు జన్మకంతా గుర్తుండాల అని చెప్పి తమ్ముడి చేతికి ఇచ్చాడట. యాభై ఏండ్లలో ఎంతమంది కుర్రాళ్లు చూశారో లెక్క లేదట.

అద్దంలోంచి నేను చూశాను. తొమ్మిది పెద్ద తూట్లు. పదోది, జొన్నగింజంతది, గుండ్రంగా, అంచు చెదరకుండా ఉంది. నేను పొడిచిందే. దాని నిండా లక్క గట్టిపడి ఉంది. ఊరూపేరూ తెలియని కుర్రాళ్లందరికీ తెలిసిన నిజం, ఆ షాపులో గోడకు తగిలించిన నిజం, నాకొక్కదానికే చెప్పలేదు ఆ అన్నదమ్ములు. ఇద్దరూ చెడ్డవాళ్లు కాదు. అదే నన్ను ఇంకా కాలుస్తోంది. పదిమంది ముందర తీసుకున్న పేరును గంజి గిన్నె దగ్గర, ఎవరూ వినని చోట, ఒక్క మాటలో తిరిగిచ్చానని మా నాయన అనుకుని పోయి ఉంటాడు. అది చెల్లదు నాయనా.

కాయితం ఎవరు కోశారని చెప్పేవాడు మీ నాయన అని అడిగాను.

"ఎవురో అప్పటి పనోడంట. మంచి చెయ్యి అనేవాడు."

"తలకిందులుగా పెట్టినారు" అన్నాను. "ఆ గాటు పైకి రావాల."

నరసింహులు పటం వైపు, నా వైపు చూశాడు. నీకెట్ల తెలుసక్కా అన్నాడు.

"ఆ తూటు పొడిచింది నేను. మూసింది మీ నాయన."

బండి కోసం వచ్చినాయన కూడా తల తిప్పాడు. నరసింహులు తువ్వాలుతో గుండు తుడుచుకుని, పోయినోళ్ల గురించి ఇప్పుడెందుకులే అక్కా అన్నాడు. పటం దించి, వెనక తాడు విప్పి, గాటు పైకి వచ్చేటట్టు కట్టి, మళ్లీ మేకుకు తగిలించాడు. దాన్ని నాకియ్యి అని అడుగుదామనుకున్నాను. మా నాయన గుర్తు గదక్కా అంటాడేమోనని అడగలేదు.

బస్సు బనగానపల్లె దాటాక ఏడుపు వచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. పక్క సీటులో ఉన్నామె నా బొట్టు లేని నుదురు, నలిగిన చీర చూసి, చెయ్యి పట్టుకుని, ఎవురు పోయినారమ్మా అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక, మా చిన్నాయన అన్నాను. మంచోళ్లకే ఇంత ఏడ్చేవాళ్లుంటారు అంది ఆమె. ఆ కన్నీళ్లు కూడా ఆయన పేరు మీదే పోయాయి.